అవ్వ తెచ్చిన నోటీసు: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. చాయ్ కొట్టు నడుపుకునే ఒక అవ్వకు సర్కారు జాగా ఖాళీ చేయమని వచ్చిన నోటీసు సంగతి మీదే మరాఠీలో ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిది నేను పనిచేసిన కార్యాలయంలో ఇచ్చాను. రెండోది జిల్లా కేంద్రానికి పోయి ఇచ్చి వచ్చాను. మూడోది మీ పేరు మీదే రిజిస్టర్ పోస్టులో పంపాను. చేతికిచ్చిన రెండింటి మీదా ఆవక్ ముద్ర, అంటే అందిందనే ముద్ర ఉంది, మూడోదానికి పోస్టాఫీసు రసీదు ఉంది. జవాబు మాత్రం దేనికీ రాలేదు. మహారాష్ట్రలో మా జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవడమంటే మా వైపు నుంచి 200 కిలోమీటర్ల పైమాట. చీకటితోనే ఎస్టీ బస్సు, అంటే సర్కారు బస్సు ఎక్కాలి. ఆలాపల్లి అడవి దాటేసరికే నడుములు విరిగిపోతాయి. ఆపీసు చేరేసరికి సాహెబ్ మీటింగుకు పోయుంటారు. ఆ రోజు అర్జీ తీసుకున్నతను దాన్ని విప్పి చూడకుండానే ముద్ర కొట్టి నా చేతిలో పెట్టాడు.

నాలుగోది తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాకపోవచ్చు గానీ చదివి చెప్పేవాళ్లు దొరక్కపోరు. మీ శిక్షణ పథకంలో 11 నెలలు నేను చేసింది కూడా అదే గదా, మరాఠీ కాయితాలు పట్టుకుని గడప గడపకూ తిరిగి తెలుగులో చదివి వినిపించడం. నా మాట నమ్మిన వాళ్లంతా తెలుగువాళ్లు. వాళ్ల ముందు దాచిపెట్టే మాట నా దగ్గర ఒక్కటీ లేదు కాబట్టి వాళ్లకు తెలిసే భాషలోనే మీకు రాస్తున్నాను. నా చదువంతా మరాఠీ మీడియం. తెలుగు రాత మా తాత అరుగు మీద బొగ్గుతో దిద్దించాడు. తప్పులుంటే మన్నించాలి.

చదువుకున్న పిల్లలను పనిలో శిక్షణకు పెట్టే ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2024లో ఆరు నెలలన్నారు, తర్వాత ఇంకో ఐదు నెలలు పెంచారు. డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 10,000 రూపాయలు. నేను బీఏ. నన్ను ప్రభుత్వ భూములు చూసే విభాగంలో వేశారు. చేరిన రోజు మా ఇంట్లో పాయసం చేశారు. మా నాన్న నన్ను బండి మీద గేటు దాకా దింపి, నేను లోపలికి పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

శిక్షణ అంటే ఏమిటో నాకు ఆ మొదటి అరగంటలోనే తెలిసింది. ఇది గావ్ నమూనా ఒకటి-ఇ, అతిక్రమణల, అంటే సర్కారు జాగా ఆక్రమణల రిజిస్టరు. ఇది భాడేపట్టాల రిజిస్టరు, ఎవరికి ఎంత జాగా, ఎన్నేళ్లకు, కిరాయి ఎంత. ఇవి వర్గ్ రెండు భూములు, కలెక్టర్ మంజూరీ లేకుండా అమ్మరాదు, అమ్మితే శర్తభంగ్, షరతు తప్పినట్టు. ఇంతే చెప్పారు. ఆ సీటు లిపిక్, అంటే గుమాస్తా, ఎప్పుడో బదిలీ మీద పోయాడట, కొత్తవాడు రాలేదు. రెండో రోజు నా చేతికి 30 మీటర్ల టేపు ఇచ్చి కోత్వాల్‌ను, అంటే ఊరి రెవెన్యూ సేవకుడిని తోడిచ్చి పంపారు. ఆ రోజు నుంచి ఆ విభాగానికి మనిషిని నేనొక్కదాన్నే. ఆడపిల్లను, తెలుగు వచ్చు, ఇళ్లలోకి పోయి ఆడవాళ్లతో మాట్లాడగలను. అందుకే పంపారని తర్వాత కోత్వాల్ తాతే చెప్పాడు.

ఆ పని నాకు బరువు కాలేదయ్యా. ఇష్టమైంది. ఎండలో గట్ నంబరు, అంటే సర్వే నంబరు వెతుక్కుంటూ పోయి, పాత రాయి దొరికితే దాని మీది మట్టి చేత్తో తుడిచి చూసుకున్న రోజులున్నాయి. ప్రభుత్వ భూమి అంటే ఎవరిదీ కాని భూమి అనుకునేదాన్ని. ఆ రిజిస్టర్లు తిరగేశాక తెలిసింది, ఒక్కో గుంటలో ఒక్కో కుటుంబం కథ ఉందని. మా దగ్గర 2022 జూలై వరదకు ఒడ్డున ఇళ్లు పోయినవాళ్లు రోడ్డు పక్క మెరక మీదికి వచ్చి తడకలు కట్టుకున్నారు. ఆ మెరక గాయరాన్, పశువుల మేత భూమి. కాగితం ప్రకారం వాళ్లు అతిక్రమణదారులు. సర్కారు జాగాలో 2011 జనవరి 1కి ముందు కట్టుకున్న ఇళ్లకు 2018 ఉత్తర్వు ఒక దారి చూపింది. వీళ్లు వచ్చింది 2022లో. వీళ్ల పేర్లు ఒకటి-ఇ లోకి ఎక్కించింది నేనే. "ఎప్పటి నుంచి" అనే గడిలో తేదీ రాసేటప్పుడు ఒక అన్న అడిగాడు: "చెల్లె, నీళ్లొచ్చినయని రాసేటందుకు ఇందుల జాగ లేదా?" లేదు. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. శెరా, అంటే రిమార్కుల గడి అంచున సన్నగా రాశాను, పూర్ కారణానే స్థలాంతర్ అని. వరద వల్ల వలస వచ్చారని. పైవాళ్లు దాన్ని చదివారో లేదో నాకు తెలియదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అవ్వ కష్టం మొదలైంది అక్కడే. మా తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు. మరాఠీ కాగితంలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఆడనావ్, అంటే ఇంటిపేరు. చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయిన రోజుల్లో ఇంటిపేరు మనిషి పేరైంది, మనిషి పేరు ఆడనావ్ అయింది. అదే మనిషి ఆధార్‌లో ఇంకో తీరుగా ఉంటాడు. ఎ-ఏ, ఒ-ఓ తేడా దేవనాగరి రాతలో నిలవదు. ఒక్క మనిషి మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులై కూర్చుంటాడు.

బస్టాండు దగ్గర చాయ్ కొట్టు నడుపుకునే ఒక అవ్వ ఉంది. ఆ జాగా ఆమె పెనిమిటి పేరు మీద భాడేపట్టాకు ఇచ్చింది. ఆయన పోయాడు. వారసు నోంద్, అంటే వారసురాలిగా పేరు నమోదు చేయించుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏటా కిరాయి కట్టుకుంటూ పోయింది. మూడేళ్ల కింద కౌంటర్ దగ్గర, పట్టా మనిషి లేడు, కిరాయి తీసుకోం అన్నారట. తీసుకోకపోవడమంటే ఇక కట్టక్కర్లేదని ఆమె అనుకుంది. ఆపీసు ఆమెను అతిక్రమణదారుల లెక్కలో వేసింది.

నేను కొలతకు పోయిన రోజు ఆమె నన్ను పీట మీద కూర్చోబెట్టి, చక్కెర డబ్బాల వెనక నుంచి యూరియా సంచి తీసింది. అందులో ఇంకో పాలిథిన్ కవరు, కవరులో పాత చీర ముక్క, అందులో పావతులు, కిరాయి కట్టిన రసీదులు. ఏడాదికొకటి, వరుసగా, ఒక్కటి కూడా తప్పలేదు. పాత వాటి మీద సిరా పసుపెక్కిపోయింది. పొయ్యి దగ్గర ఉన్నందుకు అన్నిటికీ పొగవాసన. ఆమెకు చదువు రాదు గానీ ఏ పావతి ఏ ఏటిదో వేలితో చూపించింది, "ఇది పెద్దపిల్ల లగ్గమైన యేడు, ఇది మీ తాత పక్షవాతంతోటి పడ్డ యేడు" అని. మా తాత అంటే ఆమె పెనిమిటి. కిరాయి కట్టడానికి పోతే గంటలు నిలబెట్టేవారని, అయినా తానే పోయేదాన్నని చెప్పింది.

ఆ పావతుల మీద ఉన్న నంబరు పట్టుకుని నేను రికార్డు గదిలో వారం రోజులు వెతికాను. చెదలు తిన్న గఠాలు, కాయితాల మూటలు విప్పాను, దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఏడో రోజు దొరికింది. అసలు పట్టా, సంతకాలతో, నక్షతో సహా. ఆయన పేరు తలకిందులుగా రాసి ఉంది, ఇంటిపేరు ముందు, పేరు వెనక. అందుకే సూచీలో ఎవరికీ కనపడలేదు. నేను పావతుల నకళ్లు, పట్టా నకలు, మరణ దాఖలా, ఆమె ఆధార్ జతచేసి టిప్పణి, అంటే ఆపీసు నోట్ రాశాను. పావతుల్లో, పట్టాలో ఉన్న మనిషి ఒక్కరేనని, వారసు నోంద్ చేసి పట్టా నూతనీకరణకు పెట్టాలని. నా పైన ఉన్న సాహెబ్ చదివి, "చాంగ్లే కేలే" అన్నారు. బాగా చేశావన్నారు. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రం ఇంటికి పోతూ బస్టాండు దగ్గర ఆగి చెప్పాను, "అవ్వా, నీ కాయితం దొరికింది, ఇంక భయం లేదు" అని. ఆమె నా దగ్గర చాయ్ పైసలు తీసుకోలేదు.

మంత్రిగారూ, ఆ మాట చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు? నేనెవరిని? శిక్షణార్థిని. సంతకం లేదు, హోదా లేదు. కానీ ఆమె ముందు నిలబడ్డ సర్కారు నేనే. నన్ను నిలబెట్టింది మీరే.

తర్వాత నాలుగు వారాలకు నా 11 నెలలు నిండాయి. ఆ రోజు మధ్యాహ్నం హాజరు పట్టీ మీద చివరి సంతకం పెట్టించుకుని, రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. ఫైళ్లు ఎవరికి అప్పగించాలని అడిగాను. టేబుల్ మీద పెట్టిపో అన్నారు. మంజూరీ కాని టిప్పణులన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి, అవ్వ ఫైలు అన్నిటికంటే పైన పెట్టి వచ్చాను. టేపు కూడా దాని పక్కనే పెట్టాను.

రెండు నెలలు కాలేదు. ఒక సోమవారం పొద్దున్నే అవ్వ మా వాకిట్లో నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి మడత కాగితం తీసింది. "బిడ్డా, ఇది చదివి చెప్పు. మొన్న ఎవరో కొత్త పిల్లగాడు ఇచ్చి పోయిండు, ఆనికి తెలుగు రాదు." మహారాష్ట్ర జమీన్ మహసూల్ సంహిత 1966, కలం 50. అతిక్రమణ తీసివేయాలి. నేను చదివాను. నాలుగు వాక్యాల కాగితం, రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. చివరిదాకా విని ఆమె ఒక్క మాటే అడిగింది: "నువ్వు భయం లేదంటివి గదా."

ఇప్పుడు నేను ఆ ఆపీసులోకి పోతే బయటి మనిషిని. రికార్డు గదిలో అడుగుపెట్టే అధికారం లేదు. నా సీట్లో ఎవరూ లేరు. ఆ టిప్పణి ఎక్కడుందంటే తెలియదంటున్నారు. పట్టా ఏ గఠంలో ఉందో, ఎన్నో వరుసలో ఉందో నాకు కళ్లు మూసుకున్నా కనపడుతుంది. చెబుతానన్నా వినేవాళ్లు లేరు. "తుమచా కాళావధీ సంపలా" అంటారు, నీ గడువు అయిపోయిందని. నా గడువు అయిపోయింది. ఆమె కిరాయి కట్టిన ఏళ్లు కూడా అయిపోయినట్టేనా? పావతులు పట్టుకుని ఆమె కౌంటర్‌కు పోతే, నోటీసుకు జవాబు మరాఠీలో రాసుకురమ్మన్నారు. నేనే రాసిచ్చాను. ముద్ర పడింది. అంతే.

మెరక మీది వాళ్లు కూడా వస్తున్నారు. మా పేర్లు నువ్వే రాసుకుపోయినవు, ఇప్పుడు ఏమైందని అడుగుతారు. మా అమ్మ వాళ్లకు మంచినీళ్లిచ్చి, ఆమెకు ఇప్పుడు నౌకరి లేదు అని చెబుతుంది. వాళ్లు నమ్మరు. టేపు పట్టుకుని సర్కారు మనిషితో వచ్చిన పిల్లకు నౌకరి లేకపోవడమేమిటని వాళ్ల సందేహం. వాళ్ల తప్పేం ఉంది?

నా స్టైపెండ్ మాట కూడా రాస్తాను, రాయకపోతే దాని అవసరం లేదనుకుంటారు. చివరి రెండు నెలలది నేటికీ ఖాతాలో పడలేదు. పోర్టల్‌లో హాజరు ఎక్కలేదని ఒకరు, ఎక్కింది పైనుంచి రావాలని ఇంకొకరు చెబుతున్నారు. ఆ 20,000 మా ఇంటికి చిన్న మొత్తం కాదు. మిర్చి కూలికి నది దాటిపోయే మా అమ్మ ఒక సీజనంతా వంగినా అంత రాదు. సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో శిక్షణ పూర్తిచేశారని ఒక వాక్యం ఉంది. ఏ పని చేశానో లేదు. భూమి కొలిచానని, రిజిస్టర్లు రాశానని, పట్టాలు వెతికి తీశానని ఒక్క ముక్క ఉంటే ఎక్కడైనా అడిగే మొహం ఉండేది.

అయ్యా, నన్ను పర్మనెంట్ చేయమని ఈ లేఖలో అడగడం లేదు. అడగాలని మనసులో ఉంది, నాతో పాటు చేసినవాళ్లందరికీ ఉంది. అది వేరే లేఖ. ఇప్పుడు అడిగేది ముందుగా ఆ నోటీసు ఆపించండి. అవ్వ ఫైలు తెప్పించి చూడండి. పావతులున్నాయి, పట్టా ఉంది, రెండూ ఒకే మనిషివని పది నిమిషాల్లో తేలుతుంది. వారసు నోంద్ చేయించండి. మెరక మీది ఇళ్ల దగ్గరికి ఒక్క అధికారిని పంపండి, వాళ్లు వదిలి వచ్చిన ఒడ్డున వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మిగిలిన గోడల మీద మరకలు ఇంకా ఉన్నాయి. మా వైపు ఇచ్చే నోటీసులు తెలుగులో కూడా ఇప్పించండి, మాడియా ఆదివాసీల ఊళ్లలో వాళ్ల మాటలో చదివించండి. నా తర్వాత ఎవరినైనా శిక్షణకు పంపితే పక్కన నేర్పేవాళ్లను పెట్టండి, వాళ్లు పోయేటప్పుడు ఫైళ్లు తీసుకునే చెయ్యి ఒకటి ఉండేట్టు చూడండి. మా రెండు నెలల డబ్బులు వేయించండి. మళ్లీ చెబుతున్నాను, అన్నిటికంటే ముందు ఆ నోటీసు.

ఆపీసు మనుషులకు తీరిక లేకపోతే నన్ను ఒక్క పూట రికార్డు గదిలోకి రానివ్వండి. జీతం వద్దు, భత్యం వద్దు. పట్టా తీసి టేబుల్ మీద పెట్టి వచ్చేస్తాను.

అవ్వ ప్రతి సోమవారం వస్తోంది. ఆ రోజు వారసంత, కొట్టు దగ్గర గిరాకీ బాగా ఉంటుంది, అయినా మనవడిని కూర్చోబెట్టి వస్తుంది. లోపలికి రమ్మన్నా రాదు, గడప బయటే నిలబడి "ఏమన్నా తెలిసిందా బిడ్డా" అంటుంది. ఈ సోమవారం కూడా వస్తుంది.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక మాజీ ప్రశిక్షణార్థి,
ప్రాణహిత ఒడ్డు, గడ్చిరోలి జిల్లా