నోటికొచ్చింది వాగడమే హాస్యమా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో హాస్యనటుల మీద వచ్చిన వ్యాసం చదివి, రాయాలా వద్దా అని ఆగి ఆగి ఇవాళ కూచున్నాను. స్క్రిప్టు పక్కన పడేసి సెట్లో అప్పటికప్పుడు నవ్వించేవాడే అసలు కమెడియనని తేల్చేశారు. పైగా ఇంప్రొవైజేషన్ అనేది ఈ తరం కనిపెట్టిందన్నట్టు రాశారు. తరతరాలుగా నాటకాలాడుతున్న సురభి వాళ్ళు వింటే ఏమంటారో!

నేను పరిషత్తు పోటీ నాటికలకి వింగులో, అంటే స్టేజి పక్క తెర చాటున నిలబడి, నటులకి మాటలందించే ప్రాంప్టింగ్ చేసినవాణ్ణి. నటుడు డైలాగు దాటితే ముందు చెమటలు పట్టేది నాకే. ఒక ఊళ్ళో పోటీలప్పుడు నాటిక సగంలో కరెంటు పోయింది. స్టేజి మీద పిసినారి ఇంటాయన వేషం వేసినాయన అద్దెకున్నవాడితో తగాదా పడుతున్నాడు. హాలంతా గోల. ఆ చీకట్లోంచి ఆయన గొంతు వినిపించింది: "నేనే ఆపానయ్యా! తిట్టుకోడానికి లైటెందుకూ?" జనం పడీ పడీ నవ్వారు. జనరేటరు వేసి వెలుగు రాగానే "ఎవడ్రా మళ్ళీ వేసిందీ!" అని అరిచి, అవతలివాడికి అందాల్సిన మాట దగ్గరికొచ్చి ఆగాడు. నాటిక ఎక్కడా తెగలేదు. సమయం మించిందని న్యాయనిర్ణేతలు మార్కులు కోశారనుకోండి, వాళ్ళ సంగతి వేరే రాయాలి.

ఇంకొకాయన ఉండేవాడు. పురోహితుడి వేషంలో మంత్రం చదువుతూనే ముందు వరసలో కూచున్న చైర్మన్ గారి మీద ఓ పొగడ్త విసిరేవాడు. చప్పట్లు దండిగా పడేవి. పురోహితుడు మాత్రం అక్కడే చచ్చిపోయేవాడు. మిగతా అరగంట మేమంతా కలిసి శవాన్ని మోసినట్టుండేది. మీ వ్యాసకర్త లెక్కలో ఇద్దరూ ఒకటే కాబోలు.

'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి, పైన వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. జంధ్యాల గారు మాటలు రాసిస్తారు. కోడి వంక చూసి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మొహంలో వచ్చే ఆ తృప్తి ఎవరు రాసిస్తారండీ? లక్ష్మీపతికి తాను నవ్విస్తున్నానని తెలీదు. కోడికూరతో భోంచేస్తున్నాననే వాడి నమ్మకం. 'చూశారా నా పిసినారితనం' అని ఒక్కసారి మన వైపు తిరిగి కన్ను గీటి ఉంటే సీను అక్కడితో సరి. స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకొచ్చిన మనిషాయన. బ్యాంకులో ఎందరు లక్ష్మీపతుల్ని చూసుంటారో!

'మాయాబజార్' (1957) సంగతీ అంతే. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి సిగ్గుపడుతూ సిగ్గుపడుతూ ఉన్నట్టుండి ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు చూపు చూస్తుంది. రేలంగి హడలిపోయి, మళ్ళీ పెళ్ళికొడుకు బింకం తెచ్చుకుంటాడు. అక్కడ ఎవరూ జోకు వెయ్యలేదు.

అన్నట్టు, మీరు రమణారెడ్డి ఫొటో కింద రేలంగి అని వేశారు. బక్కపలచని ఆ మనిషికీ, పద్మశ్రీ రేలంగికీ తేడా తెలీకుండా హాస్యం మీద పేజీ ఎలా దిద్దారు? ప్రూఫులు చూసేవాళ్ళని తీసేశారా? ఒకప్పుడు మీ పేపర్లో దీర్ఘం తప్పు పడితే మర్నాడు సవరణ వచ్చేది.

టీవీ పెడితే స్కిట్లు. చెంపదెబ్బ, మగవాడికి చీర, నత్తి మీద ఒకటి, పొట్టి మీద ఒకటి. స్టేజి మీదున్న మనిషెవడో, వాడికేం కావాలో తెలీదు. దాన్నీ ఇంప్రొవైజేషనే అంటున్నారు.

కుర్రాళ్ళని అని ఏం లాభం, నేర్చుకునే చోటేదీ? మా పట్టణంలో మున్సిపల్ కళాక్షేత్రం ఉంది, పేరుకి. లోపల రిసెప్షన్లు, స్టేజి మీద బఫే బల్లలు, మేకప్ గదిలో బ్లీచింగ్ పౌడరు బస్తాలు. నాటిక వేసుకుంటామని దరఖాస్తు పెడితే పోలీసు అనుమతి తెమ్మంటారు, తెస్తే డిపాజిట్ అంటారు, అదీ కడితే ఆ రోజు పెళ్ళి ఉందంటారు. నంది సినిమా అవార్డుల్లో హాస్యనటుడికి విడిగా ఒకటుండేది. 2014, 2015, 2016 సంవత్సరాలవి కలిపి 2017లో ప్రకటించారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నంది పడుకునే ఉంది. తెలంగాణ వాళ్ళు 2025లో గద్దర్ పేరుతోనైనా ఇచ్చారు. మన నాయకులకి సినిమావాళ్ళు సన్మానాలప్పుడూ ఎన్నికలప్పుడూ తప్ప గుర్తురారు.

మా కమిషనర్ గారు మీ పేపరు చదువుతారట. ఆ బస్తాలు తీయించి, నెలకో ఆదివారం హాలు నాటకాలవాళ్ళకి అద్దె లేకుండా ఇప్పించమని ఈ లేఖ ద్వారా కోరుతున్నాను. జనరేటరు డీజిలు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాత ప్రాంప్టరు,
గుంటూరు జిల్లా