పర్లాకిమిడి చిట్టిపత్రికలకు ఒక గది, ఒక బీరువా అర: గజపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గజపతి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారములు. పర్లాకిమిడిలో మేము కొందరం జీతభత్యాల ఊసు లేకుండా నడుపుకొంటున్న చిట్టిపత్రికల గ్రంథాలయం తరఫున ఈ లేఖ రాస్తున్నాను. దీని ఒడియా ప్రతిని మీ కార్యాలయంలో అందజేశాము. అదే విషయాన్ని తెలుగులో బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. కాశీనగరంలో, గుణుపురంలో, బరంపురంలో ఇటువంటి పని తలపెట్టాలనుకునేవారు, మా శిక్షణలకు పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు, ప్రభుత్వాన్ని మేము ఏమి అడుగుతున్నామో, ఏమి అడగడం లేదో తెలుసుకోవాలి.

చిట్టిపత్రిక అంటే రాసినవారే బొమ్మలు వేసి, జెరాక్సు తీయించి, మడిచి, కుట్టి, చేతికి చేయి పంచుకునే చిన్న పుస్తకం. ఇంగ్లీషులో దీనిని జీన్ (zine) అంటారు. 1930లో అమెరికాలో వైజ్ఞానిక కల్పనా కథల అభిమానులు తమకు తాము అచ్చువేసుకున్న పత్రికలతో ఈ ఒరవడి మొదలైంది. 1970లలో ఫోటోకాపీ యంత్రం వీధి దుకాణాలకు వచ్చాక అది నలుమూలలకూ పాకింది. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాల 2003 నుంచి తన గ్రంథాలయంలో వీటికి ప్రత్యేక విభాగాన్ని నిర్వహిస్తున్నది. డెన్వర్ నగరంలో స్వచ్ఛంద కార్యకర్తలే అచ్చంగా వీటికోసం ఒక గ్రంథాలయం నడుపుతున్నారు. అయితే ఇది మనకు పరాయి సరుకు అనుకోనక్కరలేదు. బడుల్లో లిఖిత పత్రికలు పెట్టిన ఉపాధ్యాయులు, వాటికి ముఖచిత్రాలు గీసిన విద్యార్థులు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. లిఖిత పత్రికకు ఒకే ప్రతి ఉండేది, అది ఏడాది తిరిగేసరికి ప్రధానోపాధ్యాయుని బీరువాలో చేరి చెదలకు దక్కేది. జెరాక్సు దుకాణం పక్కనే ఉన్న ఈ రోజుల్లో ఆ గతి పట్టనక్కరలేదు.

మా శిక్షణలో జరిగేదేమిటో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అధికారులకు దీనిమీద కలిగే సందేహాలు చాలావరకు చూడకపోవడం వల్ల వచ్చినవే. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లు వచ్చేలా మడిచి, నడిమి గీత వెంట రెండు గళ్ల మేర కత్తిరించి, తిరిగి మడిస్తే పిన్నుగాని దారంగాని అక్కరలేని ఎనిమిది పేజీల పుస్తకం తయారవుతుంది. రాతంతా కాగితానికి ఒకవైపే ఉంటుంది కాబట్టి ఒక్క జెరాక్సుతో ఇంకొక ప్రతి వచ్చేస్తుంది. కాగితాన్ని విప్పి చూస్తే సగం గళ్లు తలకిందులుగా ఉంటాయి. ఏ గడి ఏ పేజీ అవుతుందో పెన్సిలుతో అంకెలు వేసుకోకుండా మొదలుపెట్టినవారి కథ నడుమనుంచి మొదలై ముందుకు వచ్చేస్తుంది, దానికి పిల్లలు నవ్వుకొని ఇంకో కాగితం తీసుకుంటారు. నల్లసిరా కలంతోనే రాయమంటాము, ఎందుకంటే లేత నీలం గీతలు, పెన్సిలు నీడలు జెరాక్సులో మాసిపోతాయి. అంచున వేలెడు ఖాళీ విడవమంటాము, యంత్రం కాగితం కొసలదాకా పట్టదు. ఎక్కువ పేజీలు కావాలన్నవారికి, నడుమ దారంతో కుట్టే పుస్తకంలో పేజీలు ఎప్పుడూ నాలుగు చొప్పునే పెరుగుతాయని చెప్పి, సూది ఎక్కడ గుచ్చాలో చూపిస్తాము. మేము నేర్పేది ఇంతమాత్రమే. ఏమి రాయాలో మేము చెప్పము.

చెప్పకపోవడం వల్లనే, ఇంకెక్కడా అచ్చుకు రాని సంగతులు వస్తున్నాయి. జీడిపిక్కలు కాల్చేటప్పుడు చేతికి జీడి అంటకుండా ఏమి రాసుకోవాలో ఒకరు బొమ్మలతో వేస్తారు. మన పట్టణానికి పేరు తెచ్చిన కొమ్ముపనిలో కొమ్మును ఎలా కాచి సాగదీస్తారో పనివారి ఇంటి అమ్మాయి రాస్తుంది. అక్షరం రాని అమ్మమ్మ చెబుతుంటే మనవడు రాసిన పాటలు మా బీరువాలో ఒక వరుస ఉన్నాయి. మా దృష్టిలో ఆ పుస్తకానికి రచయిత అమ్మమ్మే, అట్టమీద ఆమె పేరే ముందుంటుంది.

భాష విషయంలో ఈ పద్ధతికి ఉన్న సౌలభ్యాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. ఈ జిల్లాలో ఒకే బెంచీమీద ఒడియా, తెలుగు, సవర మాట్లాడే పిల్లలు కూర్చుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ పట్టణం అందులో చేరింది. అదే సంవత్సరం మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. 2012లో ఆ లిపి, కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడులో చేరింది గాని, మామూలు దుకాణంలో డీటీపీ చేసేవారి కంప్యూటరులో ఆ అక్షరాలు దొరకడం ఇప్పటికీ అరుదు. చేతితో రాసేవారికి ఫాంటుతో పనిలేదు. ఒకే పుస్తకాన్ని ఒకవైపు నుంచి తెలుగులోను, తిరగేసి మరోవైపు నుంచి ఒడియాలోను రాసి, రెండూ కలిసేచోట సవర పాట పెట్టిన పిల్లలున్నారు. గిరిజన భాషల పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతున్నది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించమంటున్నది. పాఠ్యపుస్తకం తర్వాత ఆ పిల్లలు చదువుకోవడానికి ఏమున్నదన్న ప్రశ్నకు మాత్రం తెలుగు బడిలోనైనా, సవర పల్లెలోనైనా జవాబు చిన్నదే. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడుగా పనిచేసి, సవర నేర్చుకొని, ఆ పిల్లల కోసం స్వయంగా వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను కూడా నడిపారు. ఆగస్టు 29న ఆయన విగ్రహానికి దండలు వేసే సభల్లో ఈ రెండో పనిని తలచుకున్నంతగా మొదటి పనిని తలచుకోరన్నది నా ఫిర్యాదు. అది మీకు సంబంధించినది కాదు, మావాళ్లకు సంబంధించినది.

ఇక మా చిక్కు. పిల్లలు చేసిన ప్రతులను ఒక ప్రభుత్వ గ్రంథాలయానికి విరాళంగా ఇవ్వబోతే, వీటికి ధర లేదు, ప్రచురణకర్త లేరు, పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ లేదు, రిజిస్టరులో ఎక్కించడం కుదరదన్నారు. అక్కడి ఉద్యోగిని తప్పుపట్టడం లేదు. ఖాళీగా వదిలేసిన గడికి ఆడిట్‌లో జవాబు చెప్పుకోవలసింది ఆయనే. కాని మన దేశంలో ఐఎస్‌బీఎన్ తీసుకోవడం ఐచ్ఛికం, చట్టం విధించినది కాదు. ఇది పత్రిక కదా, రిజిస్ట్రేషన్ ఉండాలి కదా అని మరొకచోట అడిగారు. 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం, నియత కాలవ్యవధిలో వెలువడుతూ ప్రజా వార్తలను, వాటిపై వ్యాఖ్యలను ప్రచురించేవాటికి వర్తిస్తుంది. ఒక్కసారి వెలువడిన పాటల పుస్తకం, జీడిపిక్కల పుస్తకం ఆ కోవలోకి రావు. ఆధునిక గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉండాలన్నది ఒకటి. అందులో ధర ప్రసక్తి లేదు.

కాబట్టి మొదటి విన్నపం: జిల్లా గ్రంథాలయంలో ఒక బీరువా అరను, దానికి వేరుగా ఒక విరాళాల రిజిస్టరును అనుమతించండి. పుస్తకం పేరు, రచయిత తాను పెట్టుకున్న పేరు, భాష, ఊరు, తేదీ అనే గడులుంటే సరిపోతుంది. పోయిన ప్రతికి రుసుము వసూలు చేయనక్కరలేదు, మేమే మరో జెరాక్సు తెచ్చి పెడతాము.

రెండవది గది. ఆదివారం మధ్యాహ్నాలు గ్రంథాలయపు హాలుగాని, ఏదైనా ప్రభుత్వ పాఠశాలలో ఒక తరగతి గదిగాని మాకు ఇప్పించండి. బల్లలు, వెలుతురు, తాగునీరు, ఆడపిల్లలకు పనికివచ్చే మరుగుదొడ్డి ఉంటే చాలు. ఇప్పుడు మేము కూర్చొనే చోట చివరి సౌకర్యం లేదు, అందువల్లనే పై తరగతుల ఆడపిల్లలు త్వరగా వెళ్లిపోతున్నారు.

మూడవది అనుమతి. గుమ్మ, సెరంగో వైపు సంతరోజున ఒక పెట్టెనిండా పుస్తకాలు, కాగితాలు, కత్తెరలు తీసుకొని వెళతాము. సంతకు వచ్చినవారు చెట్టుకింద కూర్చొని చదువుతారు, కొందరు రాసి ఇచ్చి వెళతారు. పక్కనున్న బడిలోకి అడుగుపెట్టాలంటే మాత్రం ప్రతిసారీ కొత్తగా అర్జీ పెట్టాలి. అది తిరిగి వచ్చేసరికి వానలు పడి కొండదారి కష్టమవుతుంది. విద్యాసంవత్సరం మొదట్లో ఒకే ఉత్తర్వు ఇచ్చి, ఏ రోజు రావాలన్నది ప్రధానోపాధ్యాయులకు వదిలిపెడితే బోధనా వేళలకు అడ్డు రాకుండా వెళ్లగలము. పిల్లల భద్రత కోసం మా కార్యకర్తల గుర్తింపు వివరాలు ముందుగా ఇవ్వడానికి, ఉపాధ్యాయులు ఎదుట ఉండగానే శిక్షణ నడపడానికి మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.

డబ్బు అడగడం లేదు. కాగితం, జెరాక్సు ఖర్చు మేము, ఊరివారు భరించగలిగినంతే ఉంటుంది, ఉండాలి కూడా. సాయం చేయాలన్న ఉత్సాహంలో దీనిని పోటీగా మార్చవద్దని మాత్రం గట్టిగా మనవి చేస్తున్నాను. ఉత్తమ చిట్టిపత్రికకు ప్రథమ బహుమతి అని ప్రకటించిన మరుక్షణం పిల్లలు అమ్మమ్మ పాట పక్కనపెట్టి పర్యావరణ పరిరక్షణమీద వ్యాసం రాస్తారు, దానికి ఉపాధ్యాయులే అక్షరాలు దిద్దుతారు. ముందుగా చూసి ఆమోదించే సంఘాన్ని కూడా వేయవద్దు. ఒకరిని పేరుపెట్టి కించపరచకూడదు, పిల్లల చిరునామాగాని ఫోను నంబరుగాని పుస్తకంలో ఉండకూడదు అన్న నియమాలు మావద్ద ఇప్పటికే ఉన్నాయి.

ఇంకొక మాట. అన్నిటినీ స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడితే జిల్లాకు పేరు వస్తుందని ఒక సమావేశంలో సూచించారు. చిట్టిపత్రికల గ్రంథాలయాలు నడిపేవారు చాలాచోట్ల పాటించే మర్యాద, రాసినవారిని అడగకుండా ఆ పని చేయకపోవడం. ముప్పై మంది చదువుతారనుకొని తన ఇంటి సంగతి రాసుకున్న అమ్మాయి, లోకమంతా చదవడానికి ఒప్పుకున్నట్టు కాదు. కావాలంటే రచయిత పుస్తకాన్ని వెనక్కి తీసుకోవచ్చన్న వీలు కూడా పైన అడిగిన విరాళాల రిజిస్టరులో ఉండాలి.

మీకు వీలైన ఒక ఆదివారం మా శిక్షణకు వచ్చి ఒక కాగితం మడిచి చూడవలసిందిగా ఆహ్వానిస్తున్నాము. ఉత్తర్వు ఇవ్వడానికి అది షరతు కాదు. జవాబు ఒడియాలో ఇచ్చినా, తెలుగులో ఇచ్చినా చదువుకోగలము. సవరలో ఇస్తే చదివి చెప్పే పిల్లలు మాకు ఉన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
చిట్టిపత్రికల గ్రంథాలయ స్వచ్ఛంద కార్యకర్త,
పర్లాకిమిడి