పండక్కి రాలేకపోతున్నా, తిట్టకుండా విను

అమ్మా,

ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావ్, నేను అరుస్తా, చివరికి నాన్న ఫోన్ లాక్కుని "సర్లే తిని పడుకో" అంటారు, అందుకే ఇలా టైపు చేసి చిట్టికి పంపుతున్నా, అది చదివి వినిపిస్తుంది. చిట్టీ, మధ్యలో నీ సొంత డైలాగులు కలపకు.

ముందు ఒక మాట. నేను ఇక్కడ కంప్యూటర్లు అమ్మే షాపులో చేస్తున్నానని పెద్దత్తతో అన్నావంట. అమ్మడం కాదమ్మా, కొనడం, అదీ ఈ మూడు నెలలే. ఆఫీసు డేటా మొత్తానికి రెండో కాపీ దాచుకునే సర్వర్ ఏది కొనాలి, దాంట్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి అని తేల్చే పని నా నెత్తిన పడింది. ఎందుకు పడిందో అప్పుడు నీకు చెప్పలేదు. ఉద్యోగం ఏం పోలేదు, కంగారు పడకు.

సెప్టెంబర్లో ఫైల్ సర్వర్లో ఒక డిస్కు పోయింది. ఒకటి పోతే ఏం కాదు, రెయిడ్ 5 అంటే మిగతా డిస్కులు లెక్క కట్టి పోయినదాన్ని మళ్లీ నింపుతాయి. కొత్తది పెట్టాం, నింపడం మొదలైంది, పెద్ద డిస్కులకి ఒక రోజు పైనే పడుతుంది. అన్నీ ఒకే రోజు ఒకే అట్టపెట్టెలోంచి తీసి బిగించినవి, అన్నిటికీ ఒకటే వయసు, ఆ ఒత్తిడికి ఇంకోటి కూడా చచ్చింది. రెయిడ్ 5లో రెండు పోతే ఇంక అంతే. బ్యాకప్, అంటే రెండో కాపీ, ఉందిగా అనుకున్నాం, రోజూ పొద్దున్నే పచ్చ టిక్కుతో సక్సెస్ అని మెయిల్ వస్తానే ఉంది. తీరా తీసి చూస్తే డిజైన్ వాళ్లు మూడు వారాల కింద పెట్టుకున్న కొత్త ఫోల్డర్‌ని రోజూ కాపీ తీసే ఆ జాబ్‌లో ఎవరూ కలపలేదు. ఆ డ్రాయింగులన్నీ మళ్లీ గీసుకున్నారు పాపం. ఆ జాబ్ రాసింది నేను కాదు, నేను చేరకముందు నుంచే ఉంది, కానీ "నువ్వొచ్చి రెండేళ్లయింది కదా, ఒక్కసారైనా రిస్టోర్ చేసి, అంటే కాపీలోంచి ఫైళ్లు వెనక్కి తెచ్చి, చూశావా" అని మేనేజర్ అడిగితే నోరు పెగల్లేదు. ఆయన అరిచుంటే బావుండేది. ఇక్కడ అరవరు, మెల్లగా అడిగి మన మొహంలోకి చూస్తారు.

ఆ వారమే నువ్వు గొంతు ఎందుకలా ఉందే అంటే జలుబు అన్నాను. జలుబు కాదు.

చలి మాత్రం బానే ఉంది. జర్మనీలో ఈ కార్ల్స్రూలో మంచు పెద్దగా పడదు గానీ నాలుగున్నరకే చీకటి పడి ఏదో గుండెల్లో బరువుగా ఉంటుంది. ఆదివారం షాపులన్నీ మూత. వేడన్నంలో నీ ఆవకాయ కలుపుకుని ముద్ద పెట్టుకుంటే చాలు ఊళ్లో ఉన్నట్టుంటుంది, ఇంకో నాలుగు గరిటెలుంది, లెక్కపెట్టుకుని తింటున్నా.

నవ్వకు, ఆ ఆవకాయ వల్లే మీటింగ్‌లో గెలిచాను. ఏడాదికి సరిపడా పెద్ద జాడీ నువ్వు వాసెన కట్టి సామాన్ల గదిలో మూలన పెడతావ్, రోజూ వడ్డించుకునేది చిన్న సీసాలోంచి. మేమెవరం తడి గరిటె పెట్టి తిట్లు తిన్నా పాడయ్యేది ఆ సీసాలోదే, పెద్ద జాడీ వాసెన నువ్వు తప్ప ఎవరూ విప్పకూడదు, నాన్నకి కూడా పర్మిషన్ లేదు. మా ఆఫీసులో అన్నీ విండోసే, అన్నిటికీ ఒకటే డొమైన్, అంటే ఒక్క అడ్మిన్ పాస్‌వర్డ్‌తో అన్నీ తెరుచుకుంటాయి, పాత బ్యాకప్ సర్వర్ కూడా దాంట్లోనే. డబ్బుల కోసం ఫైళ్లకి తాళం వేసే దొంగలు అడ్మిన్ పాస్‌వర్డ్ దొరగ్గానే ముందు వెతికేది బ్యాకప్ కోసమే, దాన్ని చెరిపేశాకే మిగతా పని మొదలెడతారు. అందుకని నీ పెద్ద జాడీలాగా కొత్తదాన్ని డొమైన్‌లో కలపొద్దు, విండోస్ బదులు లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి విడిగా పెడదాం, ఒకసారి రాసిన ఫైలుని ముప్పై రోజుల దాకా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా చెరపలేకుండా కట్టేద్దాం అన్నాను. మేనేజర్ విండోస్ సర్వరే అన్నాడు, అందరికీ వచ్చు కదా, రేపు నువ్వు మానేస్తే ఈ లినక్స్ ఎవరు చూస్తారని. అదీ నిజమే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగు పేజీలు రాసి పెట్టా, ఏ కమాండ్ ఎప్పుడు కొట్టాలో నీ వంటల నోటుబుక్కులా, మా టీములో రిటైర్ కాబోయే పెద్దాయనతో రెండుసార్లు చేయించా. అప్పుడు మేనేజర్ ఒప్పుకున్నాడు.

ఏ లినక్స్ అనేది మళ్లీ ఇంకో గొడవ. నేను మాదాపూర్‌లో చేసేటప్పుడు సెంటోస్ 8 అని ఒకటుండేది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని నమ్మి అన్ని సర్వర్లకీ అదే వేశాం, 2020 డిసెంబర్లో ఉన్నట్టుండి వచ్చే ఏడాది ఆఖరుకి ఆపేస్తున్నాం అన్నారు. ఆ ఏడాదంతా నా రాత్రుళ్లు మార్చడంలోనే పోయాయి, గుర్తుందా, నువ్వు బస్సులో పార్సిల్ వేసి పాలకోవా పంపేదానివి. అప్పుడే దాని బదులు ఆల్మా, రాకీ అని రెండు లినక్స్‌లు పుట్టుకొచ్చాయి. రాకీ అనేది సెంటోస్ మొదలెట్టినవాళ్లలో చనిపోయిన ఒకాయన పేరు, ఆయన స్నేహితుడే గుర్తుగా పెట్టాడు. పేరు నచ్చి తీసుకోలేదులే, మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాని మీద నడుస్తుంది, రాకీ 9కి 2032 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ఈసారి ఆ తేదీని కూడా పూర్తిగా నమ్మట్లేదు, ఏడాదికోసారి చూసుకోవాలని పేజీ చివర రాశా.

మెషీన్ గురించి నాన్న అడిగారు, క్లుప్తంగా చెప్తా. 12 డిస్కులు, ఒక్కోటి 16 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ), రెయిడ్ 6, అంటే రెండు డిస్కుల చోటు లెక్కలకే పోయి 160 టీబీ మిగులుతుంది, రెండు పోయినా డేటా ఉంటుంది. డిస్కులు రెండు వేరే వేరే లాట్లలోంచి అడిగి తెప్పించా. ఆపరేటింగ్ సిస్టమ్‌కి విడిగా రెండు చిన్న ఎస్‌ఎస్‌డీలు (లోపల తిరిగే పళ్లెం లేని డిస్కులు), ఒకదానికొకటి జెరాక్సు. మెమరీ ఈసీసీది, తప్పు పడితే అదే దిద్దుకుంటుంది. పవర్ సప్లైలు రెండు. డబ్బులు చాలకపోతే ప్రాసెసర్ తగ్గించా గానీ డిస్కుల దగ్గర తగ్గలేదు. బరువు ముప్పై కిలోల పైనే, ఇద్దరం పట్టుకుని ఎత్తాం అమ్మా, నేనొక్కదాన్నే మోశానని చిట్టి చెప్తే నమ్మకు. నడుం కొంచెం పట్టేసింది, అంతే.

ఇది కాక టేపు కూడా. క్యాసెట్టు లాంటిదే, ఎల్‌టీఓ-9 అంటారు, ఆ రకంలో తొమ్మిదో తరం, ఒక్కోదాంట్లో కుదించకుండానే 18 టీబీ పడుతుంది. ఈ కాలంలో టేపేంటి అని మేనేజర్ నవ్వితే స్ట్రాస్‌బర్గ్ గుర్తు చేశా. ఇక్కడికి దగ్గరే, రైన్ నది దాటితే వస్తుంది, 2021 మార్చి 10న అక్కడ డేటా సెంటర్ ఒకటి తగలబడిపోయింది, అసలు డేటా, బ్యాకప్ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకి ఏం మిగల్లేదు. టేపు అయితే తీసి ఇంకో చోట బీరువాలో పెట్టొచ్చు, కరెంటు లేదు, నెట్ లేదు, దొంగ చెయ్యి అందదు. మొన్న మొదటిసారి కొత్త టేపు పెడితే గంటన్నర ఉలుకూ పలుకూ లేదు, డ్రైవ్ పాడైందని నాకు చెమటలు పట్టాయి, పెద్దాయన తాపీగా ప్రెట్జెల్ తింటూ ఎల్‌టీఓ-9 కొత్త టేపుకి మొదటిసారి రెండు గంటల దాకా పడుతుంది, వెళ్లి కాఫీ తాగు అన్నాడు. పాత బీరువాలో ఎల్‌టీఓ-6 టేపులు కూడా ఉన్నాయి, కొత్త డ్రైవ్ వాటిని చదవదు, ఒక్క తరం వెనక్కే చదువుతుంది. ఇక్కడ కంపెనీ లెక్కల పుస్తకాలు పదేళ్లు దాచాలని చట్టం, కాబట్టి ఆ పాత డ్రైవ్‌ని కూడా దుమ్ము దులిపి బతికించుకోవాలి.

ఇంక అసలు సంగతి. సర్వర్ డిసెంబర్లోనే వస్తుందన్నారు, జనవరి ఆరో తారీఖు సెలవు దాటాక గానీ రాలేదు. పండగ వెనకాలే వచ్చే శని ఆదివారాలు ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం డేటా రిస్టోర్ చేసి చూడాలి, తేదీ నేనే పెట్టుకున్నా. "ఆ పెట్టెల కోసం పండగ మానేస్తావా" అన్నావ్ చూడు, రెండు రోజులు నిద్ర పట్టలేదు. పెట్టెల కోసం కాదమ్మా. మేనేజర్ అడిగిన ఆ ప్రశ్న ఇంకోసారి ఎవరైనా అడిగితే చూశాను అని చెప్పాలని ఉంది. టికెట్ డబ్బులు కొంచెం పోయాయి, ఎంతో అడక్కు. ఉగాదికి బుక్ చేశా.

గుంటూరు సంబంధం వాళ్లకి ఏదో ఒకటి చెప్పు. ఉగాదికి వచ్చినప్పుడు మాట్లాడతా, మాట్లాడతానన్నాను, ఒప్పుకుంటానని కాదు.

నాన్నకి ఒక పని చెప్పు. ఉప్పెనలో తాతయ్య పొలం కాగితాలు కొట్టుకుపోయిన దగ్గర్నుంచీ ఆయన ప్రతిదానికీ మూడు కాపీలు పెట్టారు కదా, ట్రంకు పెట్టెలో ఒకటి, బ్యాంకు లాకర్లో ఒకటి, విజయవాడలో అత్త వాళ్ల మేడ మీద ఒకటి. చిన్నప్పుడు ఎగతాళి చేసేవాళ్లం, ఇప్పుడు ఇక్కడ నాకు జీతమిచ్చి అదే చేయిస్తున్నారు. ఆ ట్రంకు పెట్టె చిట్టి పెళ్లప్పుడు తెరిచింది, తర్వాత నాకు తెలిసి ఎవరూ తియ్యలేదు. అవనిగడ్డ తేమకి చెదలు పట్టాయో ఏమో, ఒక్కో కాగితం బయటికి తీసి అక్షరాలు కనపడుతున్నాయో లేదో చూడమను. కళ్లజోడు పెట్టుకుని చూడమను, ఆపరేషన్ అయిన కంటికి చుక్కలు మానకుండా వెయ్యి.

బుడ్డోడికి భోగిపళ్లు పోసేటప్పుడు వీడియో కాల్ చెయ్యండి. సాయంత్రం అయిదింటికి అయితే నాకు మధ్యాహ్నం పన్నెండున్నర. సర్వర్ గదిలో సిగ్నల్ రాదు, ముందే బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడతా. రేగుపళ్లల్లో చిల్లర ఎక్కువ వెయ్యండి, వాడి పెద్దమ్మ వంతు కూడా.

నీ పెద్దది