కొండలో దారి చూపిన మేకలాయన కూలి సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలైనప్పట్నుంచి మన కడపలో కూడా నేచర్ వాక్ అని ఆదివారం పొద్దున్నే గుంపుగా కొండకు పోయేది ఎక్కువైంది. అరుదైన అడవిపూలు, పుట్టగొడుగులు చూపిస్తామని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే మనిషికి మూడొందలు కట్టి నేనూ పోయినాను, పాలకొండల వైపు, మొత్తం 22 మందిమి. పోవద్దని చెప్పేదానికి కాదు ఈ ఉత్తరం, మళ్లీ పిలిస్తే మళ్లీ పోతాను.

గైడుగా వచ్చిన పిల్లోడు బాటనీ చదివినోడు, మంచోడే, ఏ మొక్క చూపించినా లాటిన్ పేరు టక్కున చెప్తాడు. కానీ మొక్క ముందు కనపడాల గదా! గంటన్నర తిరిగినా తంగేడు తప్ప ఏం లే. అప్పుడు మేకలు తోలుకొని ఒక పెద్దాయన ఎదురొచ్చి, ఏం ఎతుకుతాండారు నాయనా, ఎర్రచందనమోళ్లనుకొని బయపడితి అని నవ్వి, నాభి పూసింది రాండి అని బండల సందులోకి తీసకపోయినాడు. అబ్బా, ఆ పువ్వు అడుగున పసుపు, కొసన ఎరుపు, రేకులన్నీ మంట లేచినట్టు పైకి తిరిగి, ఆకు కొస కూడా మెలిక తిరిగి పక్కనున్న కంపను పట్టుకొని ఉంది. మాలో ఒకామె గడ్డ తవ్వి కుండీలో పెట్టుకుంటానంటే ఆయనే అరిచినాడు, అది విషం తల్లీ అని. దాంట్లో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, గడ్డ తింటే ప్రాణమే పోతుందని గైడు కూడా చెప్పినాడు.

పుట్ట మీద లేచిన పుట్టగొడుగులు చూపించింది కూడా ఆయనే. ఉరుముల వాన పడినాక నాలుగో రోజు రావాల, రెండో రోజొస్తే ఏముంటాది అంటాడు. చెదపురుగులే ఎండాకులు, పుల్లలు తెచ్చి లోపల ఈ పుట్టగొడుగు బూజును పెంచుకుంటాయని, అందుకే కాడ వేరు మాదిరి పుట్టలోకి దిగి ఉంటుందని గైడు చెప్తే పెద్దాయన కూడా నోరు తెరుచుకొని విన్నాడు. వెండి స్పూన్ నల్లబడితేనే విషమంట గదా అని ఎవరో అడిగితే అదంతా ఉత్తదే, కొన్ని విషాలు ఉడకబెట్టినా పోవు అన్నాడు గైడు. అంటే ఇద్దరూ కావాల.

కానీ మేం కట్టిన ఆరువేల ఆరొందల్లో పెద్దాయనకు ఒక్క రూపాయి పోలేదు. ఒక సెల్ఫీ, ఒక బిస్కెట్ ప్యాకెట్, అంతే. ఇయ్యకుండా వచ్చినోళ్లలో నేనూ ఒకణ్ణి, ఇంటికొచ్చినాకే సిగ్గనిపించింది.

మన కలివికోడి అనే పిట్ట సంగతే చూడండి, 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇంక లేదనుకున్నారు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి ఊర్లల్లో జనాన్ని అడిగి అడిగి ఎతికితే 1986లో లంకమల పక్కన రాత్రిపూట పిట్టలు పట్టే మనిషి చేతికే దొరికింది. కాబట్టి వాక్ పెట్టేవాళ్లు ఫీజులోనే కొండ తెలిసినోళ్లకు రోజు కూలి కలపాల, మేకలోళ్లు కానీ యానాదోళ్లు కానీ. ఫారెస్టు వాళ్లు పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఆ కండిషన్ పెడితే ఇంకా మంచిది, గుంపు కూడా పదిమందికి మించకుండా చూడాల, మా 22 మంది చెప్పుల కింద ఏమేం నలిగినాయో చూసినోళ్లు లేరు.

ఇంకోటి, ఆ నాభి సరిగ్గా యాడుందో నేను రాయలేదు. మీరు కూడా ఇట్లాంటి పూల ఫోటోలు వేసేటప్పుడు ఊరి పేరు, గుట్ట పేరు వేయొద్దండి, మరుసటి ఆదివారానికి గడ్డతో సహా ఎత్తుకపోతారు.

ఇట్లు,
మీ పాఠకుడు, కడప