పెట్టెల్లోంచి తీసేసిన క్యూబ్‌ని మళ్ళీ పెడుతున్నాం

మా దగ్గర బోర్డులు కొనేవారికీ, వారాంతపు బ్యాక్‌గామన్ తరగతులకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పుకోవాలి. పాచికలు వేసి కాయలు జరిపే ఈ ఆట గురించి ఇన్నాళ్ళూ మీకు సగమే చెప్పాను.

తరగతులు మొదలైన కొత్తలో ఒకామె బోర్డు మీద పాచికలు చూసి, "ఇది జూదమే కదండీ?" అని అడిగారు. "అబ్బే, లెక్కల ఆటండీ" అని గబగబా అనేశాను. ఆ రాత్రే కొత్త పెట్టెలన్నీ విప్పి, వాటిలోని, ఆట పాయింట్లను రెట్టింపు చేయడానికి వాడే డబ్లింగ్ క్యూబ్‌లు ఏరి పక్కన పెట్టేశాను. 2, 4, 8, 16, 32, 64 అని అంకెలు వేసి ఉన్న ఆ పెద్ద పాచికను చూస్తే ఎవరికైనా పందెమే గుర్తుకొస్తుందని నా భయం. బేరాలు పోతాయన్న భయం కూడా అందులో ఉంది.

కొన్ని నెలలకి, మా దగ్గర నేర్చుకుంటున్న పధ్నాలుగేళ్ళ అబ్బాయి ఫోన్ తెచ్చి చూపించాడు. "ఇది మన పెట్టెలో లేదేంటి సార్?" డబ్బు పెట్టి ఆడుతున్న వీడియో అది. నేను నేర్పాల్సిన పాఠం వాడు అక్కడ నేర్చుకున్నాడు. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఆమె అడిగినదానికి ఇప్పుడు సరిగ్గా జవాబు చెబుతాను. జూదంతో ఈ ఆటకు చుట్టరికం పాతదే. ఈ కుటుంబానికి చెందిన ఆటలు ఆడొద్దని ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ 1254లోనే తన అధికారులకు ఆజ్ఞ ఇచ్చాడు. క్యూబ్ 1920ల్లో న్యూయార్క్‌లో, పందేలు కాసేవాళ్ళ మధ్యే పుట్టింది. 1979లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం అప్పటి ప్రపంచ ఛాంపియన్ లుయీజీ విల్లాను 7-1తో ఓడించిన ఆటకూ 5,000 డాలర్లు ఒడ్డారు. కానీ పిల్లలకు నేను చెప్పేది ఆ తర్వాత జరిగింది. ప్రోగ్రాం రాసిన హాన్స్ బెర్లినర్ ఎత్తులన్నీ తిరగేసి చూసి, విల్లాయే మెరుగ్గా ఆడాడనీ, పాచికలు మాత్రం తన ప్రోగ్రాంకి కలిసొచ్చాయనీ ఒప్పుకున్నాడు. గెలిచాక కూడా అదృష్టాన్ని, ఆటను విడదీసి చూడటం అంటే అదే. జూదంలో మునిగినవాడికి చేతకానిదీ అదే.

బోర్డు మీద ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ఒంటరిగా ఉన్న మీ కాయ ప్రత్యర్థికి ఆరు గళ్ళ దూరంలో ఉంటే, పాచికలు పడే 36 రకాల్లో 17 దాన్ని కొట్టగలవు. ఒక్క గడి జరిపి ఏడు చేస్తే ఆరే. ఒక అమ్మాయి ఈ లెక్క వేళ్ళ మీద వేసుకుని, కాయ జరిపి, అయినా దెబ్బతింది. ఏడుపు ముఖంతో నా వైపు చూసింది. "నువ్వు ఆడింది కరెక్టేనమ్మా, పడాల్సింది పడింది" అన్నాను. కాసేపాగి "మళ్ళీ వస్తే మళ్ళీ అదే ఆడతాను" అంది. ఆ వారమంతా ఆ మాట నాతోనే ఉంది.

క్యూబ్ కూడా ఈ కోవలోదే. ఎదుటివాడు "రెట్టింపు" అన్నాడనుకోండి. సరే అంటే ఆట రెండు పాయింట్లకు సాగుతుంది. వద్దంటే ఒక పాయింటు పోయి ఆట ముగుస్తుంది. ఇలాంటి ఆటలు నాలుగింటిలో వద్దన్నారంటే నాలుగు పాయింట్లు పోయాయి. నాలుగింటికీ సరే అని ఒక్కటి గెలిచినా, మూడింటిలో ఆరు పోయి రెండు వస్తాయి, అంటే పోయేది అదే నాలుగు. కాబట్టి నాలుగోవంతుకు మించి గెలిచే అవకాశం ఉంటే సరే అనాలి, లేదంటే మర్యాదగా వదిలేయాలి. ఎప్పుడు వదలాలో నేర్పే పనిముట్టును పిల్లలకు కనబడకుండా దాచాను నేను.

ఇకపై తరగతిలో క్యూబ్ ఉంటుంది, డబ్బు ఉండదు. చిల్లర కాదు కదా, "ఓడినవాడు ఇది కొనిపెట్టాలి" అన్న సరదా పందెం కూడా కుదరదు. ప్రతి మ్యాచ్ అయిదు పాయింట్లకు, రోజుకు రెండే మ్యాచ్‌లు. పాచికల ఆటలో "ఇంకొక్కటే" అనే లాగుడు నిజంగా ఉంది, నాకూ తెలుసు, అందుకే ఈ హద్దు. సాయంత్రాలు పందేలు కాస్తూ ఆడే పెద్దలకు ఇక మా బల్లలు ఇవ్వలేమని చెప్పేశాం. కొందరు పాత ఖాతాదారులు నొచ్చుకుని రావడం మానేశారు. ఆదాయం తగ్గింది, అయినా ఈ నిర్ణయం మారదు. ఇంట్లో జూదం వల్ల దెబ్బతిన్నవాళ్ళు పిల్లల్ని పంపనంటే నేను బతిమాలను. వాళ్ళ బాధ ముందు నా లెక్కలు చిన్నవి.

మొదటి ఏడాది మా దగ్గర బోర్డు కొన్నవారి పెట్టెలో క్యూబ్ ఉండదు. అన్నీ కౌంటర్ కింద డబ్బాలో భద్రంగా ఉన్నాయి. వచ్చి మీది తీసుకెళ్ళండి. పిల్లల్ని కూడా తీసుకొస్తే, పక్కన కూర్చోబెట్టుకుని ఎలా వాడాలో చూపిస్తాను.