నా పరువుకి మా అమ్మాయి కట్టిన ఫీజు

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికాలో మెడిసిన్ సీటు తెచ్చుకున్న తెలుగు పిల్లల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. పిల్లలందరికీ అభినందనలు. కానీ ఒక్క మాట. అందులో ఎవర్ని చూసినా 4.0 జీపీఏ, మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 520కి తగ్గని స్కోరు, సెలవుల్లో రీసెర్చ్, ఇంట్లో అప్పటికే ఒక డాక్టరు. మా ఇంట్లో అలా జరగలేదండీ. మా అమ్మాయికి రెండోసారి అప్లై చేస్తేగానీ సీటు రాలేదు. మొదటిసారి పోవడానికి సగం కారణం నేనే. ఆ సంగతి చెప్పుకుందామనే రాస్తున్నాను.

2020లో నా ఉద్యోగం పోయింది. 14 నెలలు ఖాళీగా ఉన్నాను. అమ్మాయి అప్పుడు బయాలజీ డిగ్రీ రెండో ఏడు. మాతో ఒక్క మాటైనా అనకుండా ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు పని చూసుకుంది, పేషెంట్లను వార్డు నుంచి స్కానింగ్‌కి, మళ్ళీ వార్డుకి స్ట్రెచర్ మీద తోసుకెళ్ళే పని. పొద్దున ఏడింటికి వచ్చి గుమ్మం దగ్గరే కూలబడి బూట్లు విప్పుకునేది. ఒక బూటు చేతిలో, రెండోది కాలికి ఉండగానే గోడకి ఆనుకుని నిద్రపోయిన రోజులు కళ్ళారా చూశాను. ఎనిమిదిన్నరకి ఆర్గానిక్ కెమిస్ట్రీ ఆన్‌లైన్ క్లాసు. లేపాలా వద్దా అని వాళ్ళమ్మా నేనూ మొహమొహాలు చూసుకునేవాళ్ళం. ఆ సెమిస్టర్ ఆర్గానిక్‌లో డి వచ్చింది, ఫిజిక్స్ మధ్యలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్టులో, అంటే మార్కుల పత్రంలో, డబ్ల్యూ పడింది. ఆ తర్వాతి సెమిస్టర్ ఫీజు కట్టలేక దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో కోర్సులు తీసుకుంది.

తర్వాత కోలుకుంది. ఆర్గానిక్ మళ్ళీ చేసి ఏ తెచ్చుకుంది. కానీ ఏ వస్తే పాత డి పోతుందనుకోకండి, ఎండీ కాలేజీలకి అప్లికేషన్లు పంపే ఆమ్‌కాస్ రెండింటినీ కలిపే జీపీఏ కడుతుంది. అయితే ఏడాదివారీగా కూడా జీపీఏ విడివిడిగా చూపిస్తుంది కాబట్టి, చదివేవాళ్ళకి ఎక్కడ పడిందో ఎక్కడి నుంచి లేచిందో ఇట్టే తెలిసిపోతుంది. ఎందుకు పడిందో చెప్పుకోవడానికి కూడా అందులో చోటుంది, ‘అదర్ ఇంపాక్ట్‌ఫుల్ ఎక్స్‌పీరియన్సెస్’ అని, 1,325 అక్షరాలు. 2024లో మొదటిసారి అప్లై చేసినప్పుడు అమ్మాయి అక్కడ ఉన్నదున్నట్టు రాసింది. నేను చదివి తీసేయమన్నాను. నాన్న ఉద్యోగం పోయిందని ఊరంతా చాటింపు వేయడం ఎందుకన్నాను. "ఊరెక్కడుంది నాన్నా, చదివేది కమిటీలో ఇద్దరో ముగ్గురో" అంది. వినలేదు నేను. పాపం, తీసేసింది. డి ఉంది, డబ్ల్యూ ఉంది, దానికి కారణం మాత్రం లేని కాగితం వెళ్ళింది.

ఇంకా ఘోరం ఫీజుల విషయం. డాక్టరీకి అప్లై చేయడానికే ఎంతవుతుందో చాలామందికి తెలియదు. ఎంక్యాట్ పరీక్షకి 300 డాలర్ల పైన, అప్లికేషన్‌లో మొదటి కాలేజీకి 2024లో 175, ఆపైన ఒక్కో కాలేజీకి 45 పైచిలుకు, అవి అందాక ప్రతి కాలేజీ సెకండరీ అని ఇంకో అప్లికేషన్ పంపి దానికి మళ్ళీ వంద డాలర్లు అటూఇటూగా అడుగుతుంది. దీనికి అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ దగ్గర ‘ఫీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్’ అని ఒక సాయం ఉంది. అది వస్తే ఎంక్యాట్ ఫీజు సగానికి పైగా తగ్గుతుంది, ప్రిపరేషన్ మెటీరియల్ ఉచితంగా ఇస్తారు, 20 కాలేజీల వరకూ అప్లికేషన్ ఫీజు ఉండదు, చాలా కాలేజీలు సెకండరీ ఫీజు కూడా వదిలేస్తాయి. కావలసింది తల్లిదండ్రుల ఆదాయం లెక్కలు. అమ్మాయి వచ్చి నా టాక్స్ కాగితాలు అడిగింది. "మనమేమైనా అడుక్కునేవాళ్ళమా" అన్నాను. కాగితాలు అల్మరాలో పైఅరలోనే ఉన్నాయి, చేయి చాపితే అందేంత దూరంలో.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, అది నిలువనీడ లేనివాళ్ళకే ఇచ్చేది కాదు. పేదరిక రేఖకి నాలుగు రెట్ల ఆదాయం వరకూ ఇస్తారు. నలుగురున్న ఇంటికి 2024 లెక్కన అది 1,24,800 డాలర్లు! అప్పటికి నేను తక్కువ జీతానికి వేరే ఉద్యోగంలో చేరాను, దానికి ఎంతో కిందే ఉన్నాం. గ్రీన్‌కార్డు కూడా ఉంది. అన్నీ ఉండి కాగితం ఇవ్వలేదు. ముందు ఫీజు కట్టేసి తర్వాత అడిగితే వెనక్కి ఇవ్వరు కూడా. కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక అమ్మాయి వేసుకున్న లెక్క ఒకరోజు నా కంటబడింది. 18 కాలేజీల పేర్లు రాసుకుని 11 కొట్టేసింది. కొట్టేసిన పేర్లలో రెండు మూడింటి పక్కన ముందు టిక్కు పెట్టి, తర్వాత దాని మీద గీత గీసింది.

చాలదన్నట్టు ట్రాన్స్‌క్రిప్టు గొడవ ఒకటి. చదివిన ప్రతి కాలేజీ నుంచీ, ఒక్క కోర్సు చేసినా సరే, ట్రాన్స్‌క్రిప్టు వెళ్తేగానీ అప్లికేషన్ వెరిఫై అవ్వదు. ఆ కమ్యూనిటీ కాలేజీ వాళ్ళు పాత బాకీ 418 డాలర్లు ఉందని ఆపేశారు. గడువు దాటాక ఒక కోర్సు వదిలేసినందుకు పడిన బాకీ అట. అదేమిటో తేలి, కట్టి, కాగితం కదిలేసరికి ఆగస్టు చివర. ఇక్కడ ముందొచ్చినవాళ్ళని ముందు చూసుకుంటూ సీట్లు నింపుకుంటూ పోతారు, జూన్‌లో అప్లై చేసినవాళ్ళు అప్పటికే ఇంటర్వ్యూలకి తయారవుతున్నారు. ఏడు కాలేజీల్లో ఒక్కటీ పిలవలేదు.

2025లో టాక్స్ కాగితాలు నేనే తీసి టేబుల్ మీద పెట్టాను. అమ్మాయి ఏమీ అనలేదు, తీసుకుని స్కాన్ చేసుకుంది. ఈసారి ఆ 1,325 అక్షరాల్లో ఏం రాసిందో చూపించింది. నా గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, నాన్న ఉద్యోగం పోయింది, అద్దె కోసం రాత్రి పనిలో చేరాను అని. దానికా నేను అంత గొడవ చేసింది! మిగతాదంతా వారానికి ఎన్ని గంటలు పనిచేసింది, ఏ సెమిస్టర్ దెబ్బతింది, మళ్ళీ ఎలా సర్దుకుంది, అంతే, ఏడుపులేవీ లేవు. ఇంకో మార్పు కూడా చేసింది. అప్లికేషన్‌లో 15 యాక్టివిటీలు రాయొచ్చు, మూడింటి గురించి ఇంకా వివరంగా చెప్పొచ్చు. మొదటిసారి ఆ మూడింట్లో కాలేజీ క్లబ్బు సెక్రటరీ పదవి పెట్టింది, స్ట్రెచర్ పనిని అసలు రాయనే లేదు, జీతం తీసుకున్న పనిని సేవ అంటే నవ్వుతారేమోనని. జీతం పనికి అందులో విడిగా ఒక కాలమే ఉందని అప్పుడు చూసుకోలేదు. ఈసారి దాన్నే పైన పెట్టింది, లిఫ్టులో ఒక పెద్దావిడ తన చేయి వదలకుండా "నన్నెక్కడికి తీసుకెళ్తున్నారమ్మా" అని ప్రతి ఫ్లోరులోనూ అడిగిన సంగతితో.

ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఆ లిఫ్టు గురించే మాట్లాడించారట. నా ఉద్యోగం గురించి ఒక్కరూ అడగలేదు.

ఈ ఆగస్టులో చేరుతోంది. ఇప్పుడు ఇంకో టెన్షన్. కొత్త చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి, చదువు ఖర్చంతటికీ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు. మెడిసిన్ లాంటి చదువులకి ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. ట్యూషనే 60 వేలు దాటే ప్రైవేటు కాలేజీలు ఎన్నో ఉన్నాయి. మాది స్టేట్ కాలేజీ కాబట్టి కొంత నయం, అయినా అద్దె, తిండి కలిపితే లెక్క సరిపోవడం లేదు. మిగిలింది ప్రైవేటు లోను, దానికి మామూలుగా తల్లిదండ్రులు కో-సైన్, అంటే హామీ సంతకం, చేయాల్సి వస్తుంది. మరి ఆ సంతకం చేసే స్తోమత లేని ఇళ్ళ పిల్లలు ఏం చేయాలో ఎవరూ చెప్పడం లేదు. న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ 2018లోనే ట్యూషన్ ఎత్తేసింది, 2024లో ఐన్‌స్టీన్ కాలేజీ వంద కోట్ల డాలర్ల విరాళంతో అదే పని చేసింది, జాన్స్ హాప్‌కిన్స్ మెడికల్ కాలేజీ 3 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి తీసేసింది. బాగానే ఉంది కానీ అలాంటివి ఎన్నని.

మీ ఎన్నారై పేజీలో టాపర్ల ఫొటోలతో పాటు ఈ ఫీజులు, ఆదాయ పరిమితులు, కొత్త లోన్ల లెక్కలు కూడా ఒకసారి వేయండి. అప్లికేషన్ మే నెలలో తెరుస్తారు, అంతకు ముందే వేస్తే పనికొస్తుంది. అవసరమైతే మా లెక్కలన్నీ పంపిస్తాను, ఆ కవరుతో సహా.

పేరు మాత్రం వేయకండి. అమ్మాయి వేయమనే అంది, నాకే ఇంకా కాస్త మొహమాటంగా ఉంది.

ఇట్లు,
ఒక తండ్రి, అమెరికా