సాయంత్రాలు గ్రంథాలయం తలుపు తీయించండి

జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి,

నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్లు. నవోదయ తొమ్మిదో తరగతి పరీక్ష రాస్తే సీటు రాలేదు. నెల రోజులు సరిగా అన్నం తినలేదు, స్నేహితురాళ్లకు ముఖం చూపించలేదు. ఒకరోజు తాతయ్యకు తోడుగా మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లింది. అప్పట్నుంచి రోజూ అక్కడ చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించేది. వాళ్లు "అక్కా, ఇంకొక్కటి" అని కొంగు పట్టుకున్నట్టు చున్నీ పట్టుకుంటే దాని ముఖం చూడాలండీ!

రెండు నెలలుగా సాయంత్రాలు తాళమే. సిబ్బంది లేరంటున్నారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని గ్రంథాలయ మహాసభ జరిపించిన నేల ఇది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. బడి వదిలాకే కదా పిల్లలు వచ్చేది? నాలుగు నుంచి ఏడు దాకా తెరిపించండి. నిన్న కూడా మెట్ల మీదే కూర్చోబెట్టి కథ చెప్పింది, చీకటి పడేదాకా.

ఇట్లు,
ఒక తల్లి